వానకి మెత్తబడని కాయ

నౌపడ ఉప్పుమడుల్లో మగాడి విలువ మేస్త్రీ బొటనవేలి కింద తేలేది.

పుష్యమంతా మడులు చదును చేశాక, మాఘంలో మొదటి ఉప్పు లాగే రోజు పొద్దున్నే మగాళ్లు గట్టు మీద వరసగా నిలబడతారు. మొలకి గోచీ, నెత్తికి తలపాగా, అంతే. మేస్త్రీ జగన్నాధం వరస పొడుగునా నడుస్తూ ఒక్కొక్కడి ఎడమ రొమ్ము మీద వేలు పెట్టి నొక్కుతాడు. అక్కడ కాయ కట్టి ఉండాలి. ఉప్పు లాగే పలకకి మనిషిని మించిన వెదురు ఉంటుంది. దాని మొదలు రొమ్ముకి ఆనించి ఒంటి బరువంతా వేసి తోస్తేనే మడి అడుగున కట్టిన ఉప్పు కదులుతుంది. తోసి తోసి ఆ చోట చర్మం మొద్దుబారి చింతపిక్కలా గట్టిపడుతుంది. కాయ గట్టిగా ఉన్నవాడికి మంచి మడి. లేనివాడికి గట్టు చివర బురద. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు కూడా కుర్రాడి ముఖం కంటే ముందు ఆ కాయే చూసేవారు.

ఆడవాళ్లం పలక ముట్టుకోకూడదు. గంపలతో ఉప్పు మోసి కుప్ప వెయ్యడం మా పని. ఎందుకు ముట్టుకోకూడదని అడిగితే జవాబు చెప్పినవాడు ఒక్కడూ లేడు. నేను చాలామందిని అడిగాను.

అరవై ఎనిమిదో సంవత్సరం మాఘంలో మేస్త్రీ వేలు మా అన్నియ్య గంగులు దగ్గర ఆగిపోయింది.

“ఓరి నీ అమ్మ కడుపు సల్లగుండా! ఇది కాయేట్రా, నిమ్మకాయ! ఒరే, అందరూ ఇటొచ్చి సూడండ్రా. మగోడి కాయంటే ఇదీ!”

వదినకి తమ్ముడి వరస సోములు పక్కనుంచి తొంగి చూశాడు. “నాకూ ఉన్నాది, రేగిపండంత. ఏటి తింటన్నావు బావా?”

“మీ అప్ప పెట్టిన అంబలే,” అన్నాడు అన్నియ్య. నవ్వులే నవ్వులు.

మేస్త్రీకి కూడా హుషారొచ్చింది. చొక్కా గుండీలు విప్పి తన ఎడమ రొమ్ము మీద చరుచుకున్నాడు. “నాను పలక ఒగ్గేసి మూడేల్లైనాది. నా కాయ సూడండి, రవ్వైనా తగ్గనేదు. రగతంలో ఉండాల్రా ఉప్పు!”

మేస్త్రీ గొప్పలు ఎవరు పట్టించుకుంటారు? అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అన్నియ్యకి సముద్రప్పాయ పక్క మొదటి మడి దక్కింది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అంబలి తాగుతున్నప్పుడు అన్నియ్య నా ఎదురుగా కూచున్నాడు. తుండుగుడ్డ తీసి పక్కన పడేశాడు. అప్పుడు చూశాను. కాయ పక్కనే ఉండాల్సిన చనుమొన లేదు. లోపలికి లాక్కుపోయి, బొడ్డులా గుంటపడి ఉంది. తుండుగుడ్డ ఎత్తి చూశాను. సరిగ్గా ఆ చోట తుప్పు రంగు మరక.

“వదినా, దీనికి ఏటంటినాది?”

దాలమ్మ వదిన చల్ల మిరపకాయ కొరుకుతూ అంది. “ఎవులికి తెలుసు? పీత గీరినాదంట. ఎన్నిసార్లు ఉతికినా మల్లీ అదే సోట అంటతాది.”

“రోజూ ఒకే పీత గీరతన్నాదేటి? అన్నియ్యా, సెయ్యెత్తు.”

“ఒసే, తిననియ్యవేటే?”

“ఎత్తమన్నాను.”

నేను వేలు పెట్టి కదిపాను. అరచేతిలో కాయలు నాకూ ఉన్నాయి, చర్మంతో పాటు అవీ కదులుతాయి. ఇది కదల్లేదు. చర్మం కింద, లోపలెక్కడో, రాయికి పట్టిన గుల్లలా కరుచుకుని ఉంది. చంకలో తడిమితే శనగ్గింజంత ఇంకోటి తగిలింది. నా వేళ్లకి ఆ రెండూ తెలుసు. మా అమ్మ పోయే ముందు ఏడాది నేనే కదా ఆమెకి నీళ్లు పోసింది.

“నొప్పున్నాదా?”

“నేదు. నొప్పుంటే రోగమవ్వాల. నొప్పి నేదంటే కాయే.”

“అమ్మకీ మొదట్లో నొప్పి నేదు.”

వదిన చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. అన్నియ్య నా వైపు ఒక క్షణం చూసి పెద్దగా నవ్వాడు. “అమ్మకొచ్చింది ఆడరోగమే, పిచ్చిదానా! నానేటి, పిల్లలకి పాలిచ్చినానా?”

వదిన కూడా నవ్వింది. నవ్వి, లేచి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు మొదలు నేను ఊరుకోలేదు. మడి దగ్గర చెప్పాను, దారిలో చెప్పాను, అన్నం ముందు చెప్పాను. శ్రీకాకుళంలో మిషన్ వాళ్ల ఆడాసుపత్రి ఉంది. అమ్మని చూసిన డాక్టరమ్మ లీలారాణి అక్కడే ఉంది. పోదాం పదమన్నాను. అన్నియ్య వినలేదు. మడి వదిలిన రోజునే మడి పోతుంది, అది ఉప్పు కొఠారు కట్టుబాటు. వదిన ఉమ్మెత్తాకు నూరి పట్టు వేసింది. చర్మం ఎర్రగా కమిలింది తప్ప లోపలిది కరగలేదు.

ఫాల్గుణంలో ఎండ ముదిరాక ఒక పూట అన్నియ్య పలక తోస్తూ తోస్తూ ఆగాడు. వెదురు మొదలు వెనక్కి తీసి చూసుకున్నాడు. పొడి ఉప్పు అంటిన వెదురు మీద ఎర్రటి జిగురు.

పక్క మడిలోంచి సోములు అరిచాడు. “ఒరే, గంగులు కాయ పగిలినాదిరో!”

మళ్లీ నవ్వులు. ఈసారి అన్నియ్య నవ్వలేదు. వెదురుని ఉప్పుతో తోమి కడిగాడు. కుడి రొమ్ముకి ఆనించుకుని సాయంత్రం దాకా అలా వంకరగానే లాగాడు. ఇంటికి పోతూ దారిలో, నా వైపు చూడకుండా అడిగాడు.

“రేపు పొద్దున్న బండెప్పుడే?”

ఆముదాలవలసలో రైలు దిగి బస్సెక్కాం. వదిన, అన్నియ్య, నేను. ఆసుపత్రి గేటు దగ్గర ఏసుదానం అనే కాపలా ఆయన స్టూలేసుకుని కూచున్నాడు. మంచివాడే. మా అమ్మ పోయినప్పుడు మాకు టీ నీళ్లు ఇప్పించినవాడు.

“ఆడోల్లు లోపలికెల్లండమ్మా. నువ్వు ఇక్కడ సెట్టు కింద కూకో బాబూ.”

“సూపించుకోవాల్సింది ఈయనే,” అన్నాను.

“ఏటి సూపించుకోవాల?”

“రొమ్ము.”

ఏసుదానం అన్నియ్యని కిందనుంచి పైదాకా చూశాడు. మీసం దగ్గర ఆగాడు. “అమ్మా, ఎగతాళికి నాతో పని నేదు. ఇది ఆడోల్ల ఆసుపత్రి. మగోల్లు గేటు దాటితే నా ఉద్యోగం పోద్ది.”

“నీ ఉద్యోగం పోతే ఇంకోటొస్తాది. మా అన్నియ్య పోతే ఇంకోడొస్తాడేటి?”

నా గొంతు పెద్దది. వరండాలో బెంచీల మీదా నేల మీదా కూచున్న ఆడవాళ్లందరూ ఇటు తిరిగారు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఎవరో కిసుక్కుమంది. మీసాలున్న మగాడు రొమ్ము చూపించుకోడానికి వచ్చాడు. నవ్వరూ మరి? అన్నియ్య మెడ ఎర్రబడింది. వెనక్కి తిరిగాడు. ఇంక పోతాడనుకున్నాను. నేను ఏసుదానం స్టూలు లాగెయ్యడానికి ఒంగాను.

“అసిరీ, నువ్వూరుకో,” అన్నాడు అన్నియ్య.

తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. గేటు దాటి, వరండా మెట్లెక్కి, అందరికంటే వెనక కూచున్న ఒక ముసలామె ముందు నిలబడ్డాడు.

“అమ్మా, ఈ లైన్లో ఆఖరెవులు?”

ముసలామె నవ్వుతున్నదల్లా ఆగింది. కొంగు చాటున చెయ్యి రొమ్ముకి అదిమి పట్టుకుని ఉంది, అప్పుడు కనబడింది. కాస్త జరిగింది.

“నానే నాయనా. కూకో.”

కూచున్నాడు. ఏసుదానం గేటు దగ్గరే నిలబడి, మా వైపు చూడ్డం మానేసి, రోడ్డు మీద పోయే బండ్లని చాలా శ్రద్ధగా చూడసాగాడు.

డాక్టరమ్మ మాటల మనిషి కాదు. తడిమింది, నొక్కింది, చెయ్యి ఎత్తించి చంకలో చూసింది. అమ్మ పేరు చెప్పగానే ఆవిడకి గుర్తొచ్చింది.

“ఎన్నాళ్ల నుంచి ఉందిది?”

“ఇది ఉప్పుకాయండి. అందరికీ ఉంటాది.”

“వానల్లో ఉప్పు పని ఉండదుగా. అప్పుడు తగ్గిందా?”

అన్నియ్య రొమ్ము విరిచాడు. అలవాటు! “నేదండి. మగోడికి తగ్గదు.”

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి అతని ఎదురుగా కూచుంది. “మగవాళ్లకి కూడా ఇక్కడ కొంచెం రొమ్ము కండ ఉంటుంది బాబూ. ఆడవాళ్లంత కాదు, కొంచెం. కండ ఉన్నచోట ఈ జబ్బు రావచ్చు. మగవాళ్లకి చాలా తక్కువగా వస్తుంది, అందుకే ఎవరూ అనుకోరు. మీ అమ్మగారికి ఉంది కాబట్టి నేను అనుకుంటున్నాను. లోపలికిపోయిన మొన, కారుతున్న నెత్తురు, కదలని గడ్డ, చంకలో ఇంకోటి. ముక్క తీసి పరీక్ష చేస్తే గాని కచ్చితంగా చెప్పను. విశాఖపట్నం పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను. ఇవాళే వెళ్లండి.”

“బతుకుతానా అమ్మా?”

“మీ అమ్మగారు వచ్చేసరికి పుండు పడిపోయింది. మీరు అంతకంటే ముందు వచ్చారు. ఇంకా ముందు రావాల్సింది. కానీ ముందే వచ్చారు.”

చీటీల కట్ట తీసింది. అన్నింటి మీదా పేరు రాసేచోట ‘శ్రీమతి’ అని అచ్చేసి ఉంది. ఆవిడ కలంతో ఆ మాట కొట్టేసి, పక్కన గంగులు అని రాసింది. అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని కాబట్టి నాకు అది కనబడింది. అన్నియ్యకి చెప్పాను. వెదురు మీద నెత్తురు చూశాక మొదటిసారి నవ్వాడు.

వదిన అన్నియ్యతో విశాఖ పోయింది. నేను నౌపడ వచ్చాను, మడి కోసం.

మర్నాడు పొద్దున మేస్త్రీ గట్టు మీదే ఎదురయ్యాడు. ఊళ్లో అప్పటికే తెలిసిపోయింది.

“మీ అన్నకి ఆడరోగమంట గదే! నిమ్మకాయ కాయ అని నానే మురిసిపోనాను. సరే, ఆడి మడి సోములుకిస్తన్నాను.”

“మడి ఖాళీగా నేదు మేస్త్రీ. నాను లాగతాను.”

“నువ్వా? పలకా?” చుట్టూ ఉన్న మగాళ్లకి చూపించాడు. “ఇనండ్రా! అన్నకి ఆడరోగం, సెల్లికి మగపని! ఆ ఇంట్లో ఎవులు ఎవులో తేల్చుకుని రండే ముందు.”

నేను గంప నేల మీద బోర్లించాను. “తేలినాది. ఆడు మా ఇంట్లో గెట్టోడు. ఆడోల్ల లైన్లో ఆఖర్న కూకున్నాడు. నువ్వు కూకోగలవేటి? మూడేల్లుగా మడుల్లో దిగని కాల్లతో గట్టు మీద తిరగడం కాదు.”

“పలక ముట్టుకున్నావంటే...”

“ఏటవుద్ది? సముద్రం ఎండిపోద్దా?”

నా వెనక ఒక గంప బోర్లపడిన చప్పుడైంది. తర్వాత ఇంకోటి. ఇంకోటి. మోసే ఆడవాళ్లు గంపలు తిరగేసి వాటి మీదే కూచున్నారు. నేను వాళ్లకి ముందు చెప్పలేదు. చెప్పాననే ఊరంతా అనుకుంది, అనుకోనివ్వు. అందరికంటే పెద్దది లక్ష్మీనరసమ్మ ముక్కు చీది అంది, “అసిరి పలక పడితే గంపెత్తుతాం మేస్త్రీ బాబూ. నేదంటే ఈ కుప్పలు మీ కొఠారు బుగత వచ్చి మోసుకోవాల.”

ఎండ చుర్రుమంటోంది. లాగిన ఉప్పు మొయ్యకుండా మడికి కొత్త నీళ్లు పెడితే ఉన్నదీ కరిగిపోతుంది, ఆ సంగతి మేస్త్రీకి మా అందరికంటే బాగా తెలుసు. ఉమ్మేశాడు. “వానలొచ్చేదాకా. ఆ తర్వాత సూస్తాను.”

“సూద్దువు గానీ,” అన్నాను.

పలక లాగడం తేలిక కాదు, అబద్ధం చెప్పను. వెదురు మొదలు రొమ్ము ఎముకల మీద ఆనితే రవిక కింద చర్మం చిట్లింది. చిట్లినచోట ఉప్పునీళ్లు. రాత్రి పడుకుంటే పక్కకి తిరగలేను. గుడ్డ మడతపెట్టి కట్టుకుంటే వెదురు జారుతుంది. విప్పేసి లాగాను. సోములు రోజూ ఏదో ఒకటి అనేవాడు. “ఏటే మరదలా, కాయ కట్టినాదా? సూపించు!” నేను పలకతో బురదనీళ్లు వాడి ముఖాన కొట్టేదాన్ని. చైత్రం వెళ్లేసరికి అడగడం మానేశాడు. కాయ కట్టింది, చింతపిక్కలా, మగాళ్లకి ఉన్నట్టే. వెదురు ఆనితే ఇక నొప్పి లేదు. నాకు ఎంత గర్వమేసిందో! మగాళ్లకి దానిమీద అంత పిచ్చి ఎందుకో అప్పుడు అర్థమైంది.

విశాఖ నుంచి కబుర్లు వచ్చేవి. ముక్క తీశారు. అదేనన్నారు. కోసి తీసేశారు. కరెంటు పెడుతున్నారు, ఒళ్లు నల్లబడుతోంది, అన్నం సహించట్లేదు. ఒకసారి వదిన ఎవరిచేతనో చెప్పి పంపింది, ‘మీ అన్నియ్య వార్డులో తగువాడుతున్నాడు, మంచినీళ్ల కుండ నింపట్లేదని.’ ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను.

వైశాఖం చివర అన్నియ్య వచ్చాడు. సగమైపోయాడు. ఇల్లు చేరిన మర్నాడే మడి దగ్గరికి నడిచొచ్చి, గట్టు మీద నిలబడి చొక్కా విప్పాడు. ఎడమ పక్క చదునుగా ఉంది. చంకలోంచి మధ్యకి ఏటవాలుగా కుట్టు, గోనె కుట్టినట్టు. మగాళ్లందరూ చూపులు తిప్పుకున్నారు. సోములైతే వంగి కాలి ముల్లు తీసుకోవడం మొదలుపెట్టాడు.

“సూడ్రా సోములూ. సూస్తే అంటుకోదు.”

“బావా, నాను...”

“రేగిపండంత ఉన్నాదన్నావు గదా. మొన బైటికుందా, లోపలికి పోనాదా? తుండుకి రగతం నీరు అంటతన్నాదా? సంకలో తడుముకున్నావా? తడుముకో. ఇప్పుడే, నా ముందు.”

సోములు తడుముకున్నాడు. అందరూ తడుముకున్నారు. గట్టు పొడుగునా మగాళ్లు ఎవడి చంకలో వాడు చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంటే ఆడవాళ్లం గంపలు దించి చూశాం. నవ్వొచ్చింది గానీ ఎవరం నవ్వలేదు. మేస్త్రీ కుప్పల దగ్గర ఉన్నాడు. ఇటు రాలేదు.

జ్యేష్ఠంలో కుప్పల మీద తాటాకు కప్పాం. వానలు దిగాయి. మడుల నిండా వాననీళ్లు, కప్పలు. పని లేదు. ఒకరోజు చూరు కింద కూచుని రొమ్ము గోక్కుంటుంటే నా కాయ పైపొర తడి అట్టలా ఊడి చేతికొచ్చింది. కింద చర్మం మెత్తగా, కొత్తగా ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“అన్నియ్యా, నా కాయ పోనాది! మగోల్లవి పోవు గదా, నాదెందుకు పోనాది?”

అన్నియ్య వాన వైపు చూస్తున్నాడు. ఎడమ చెయ్యి తలదాకా లేవదు, ఇప్పటికీ లేవదు, కుడిచేత్తో దాన్ని నిమురుకుంటున్నాడు.

“అందరివీ పోతాయే.”

“ఏటీ?”

“వానల్లో అందరివీ మెత్తబడిపోతాయి. పుష్యంలో పలకతో మడులు సదును సేసినప్పుడు మల్లీ కడతాయి. ఎవుడూ సెప్పడు. నాది తగ్గనేదు అంటాడు ప్రెతీవోడూ. నిరుడు నాది నిజంగానే తగ్గనేదు. నానొక్కడినే మగోడిననుకున్నాను.”

ఈ ఒక్క మాట మగాళ్లలో ఏ ఒక్కడైనా నోరు విప్పి చెప్పుంటే అన్నియ్య నిరుడే ఆ గేటు దాటేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచి, ఆగాను. మాఘం పొద్దున, విప్పిన గుండీలు, చరుచుకున్న చెయ్యి కళ్ల ముందుకొచ్చాయి.

“మేస్త్రీ పలక ఒగ్గేసి మూడేల్లైనాది,” అన్నాను.

అన్నియ్య నా వైపు తిరిగాడు. వదిన లోపల్నుంచి అంది, “ఆడా? మడి లాక్కోబోనాడు ఆడు. ఆడి కర్మ!”

“మడి తగువు మడి కాడ తేల్చుకుందాం వదినా,” అని తాటాకు గొడుగు తీశాను. అన్నియ్య నాకంటే ముందే వానలోకి దిగాడు.

మేస్త్రీ తన అరుగు మీద చుట్ట కాలుస్తూ కూచున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. “ఏటే, వానలో ఊరేగింపా?”

“సొక్కా ఇప్పు మేస్త్రీ.”

“నీకు పిచ్చేటి?”

“మాఘంలో వరస కట్టించి మా మగోల్లందరివీ నొక్కినావు. ఇయాల నీ వంతు. నీ కాయ మూడేల్లైనా రవ్వ తగ్గనేదన్నావు. అది గొప్పా, నిజమా?”

“గొప్పేటి! నిజంగానే...” అన్నాడు. అని ఆగిపోయాడు. అతనూ మడుల్లో పలక తోసినవాడే కదా. కాయలు వానకి ఏమవుతాయో అతనికి తెలుసు.

చుట్ట వేళ్ల మధ్య ఆరిపోయింది. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. గుండీ విప్పలేదు. చొక్కా పైనుంచే, మా మగాళ్లందరినీ నొక్కిన ఆ బొటనవేలే, తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుని నొక్కాడు. పక్కకి జరిపాడు. మళ్లీ నొక్కాడు.

“నొప్పి నేదు గదే,” అన్నాడు.

అన్నియ్య వెళ్లి అతని పక్కన అరుగు మీద కూచున్నాడు. “నాకూ నేదు.”

“అది రోగమేనని నాను సెప్పను,” అన్నాను. “కాకపోవచ్చు. డాక్టరమ్మ సూస్తే తెలుస్తాది. పొద్దున్న బండికి బయల్దేరు. వచ్చే మాఘానికి మాత్రం ఈ నొక్కుడు వరస ఉండదు. దానికి నీతో ఏరే తగువుంది, అది నువ్వొచ్చాక.”

చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. మేస్త్రీ ఆరిన చుట్టని ఆ నీళ్లలో పడేశాడు. తర్వాత, నన్ను కాదు, అన్నియ్యని అడిగాడు. గొంతు తగ్గించి అడిగాడు, లోపల పెళ్లాం వినకుండా.

“గంగులూ... ఆడోల్ల లైన్లోనే కూకోవాలా?”

“ఆఖరెవులో అడగాల,” అన్నాడు అన్నియ్య. “అడిగి, ఆయమ్మ యెనక కూకోవాల.”